తోడేలు పులిగా మారిన కథ

మీకందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడతాను. గొర్రెలు కాసే కుర్రవాడు. పక్క పొలంలో పని చేసుకుంటున్న తండ్రి. కుర్రవాడికి తోచక, ‘నాన్నా, పులి!’ అని కేక పెడతాడు. తండ్రి చేతిలో పని వదిలేసి, కర్ర పట్టుకుని ఉరికొస్తాడు. పులి లేదు. కుర్రవాడు పకపకా నవ్వుతాడు. మళ్ళీ కేక, మళ్ళీ ఉరుకు, మళ్ళీ నవ్వు. మూడోసారి నిజంగానే పులి వస్తుంది. ఎంత అరిచినా నాన్న కదలడు. ఈ కథ వినకుండా పెరిగిన తెలుగువాళ్ళు అరుదు. ఇంట్లో పిల్లవాడు ఊరికే కడుపునొప్పి అంటే, ‘నాన్నా పులి కథ అవుతుందిరా జాగ్రత్త’ అంటాం. అంతగా మనదైపోయింది. కానీ శ్రోతలారా, ఆ పులి మన అడవిలో పుట్టలేదు. అది ఈసోపు కథ, గ్రీకు దేశపు కథ. అక్కడ వచ్చింది పులి కాదు, తోడేలు. పరుగెత్తుకొచ్చింది నాన్న కాదు, ఊరి జనం. తెలుగులోకి వచ్చే దారిలో ఎవరో తోడేలును పులిని చేశారు, ఊరి జనాన్ని నాన్నను చేశారు. ఆ ఒక్క మార్పుతో కథ మన గుమ్మంలోకి వచ్చేసింది. ‘అందని ద్రాక్షపండ్లు పుల్లన’ అంటాం కదా, అదీ అలా వచ్చిందే. ద్రాక్షతోట ఎరగని ఊళ్ళో కూడా ఆ సామెత తెలుసు.

దీన్నిబట్టి ఈ పూట మీతో ఒకే ఒక్క మాట చెప్పాలని నా ఆశ. ప్రపంచంలోని పిల్లలందరూ చదువుకునే మంచి పుస్తకాలు మన పిల్లలకు తెలుగులో అందాలి. జపాను పిల్లల కథ, స్వీడన్ పిల్లల కథ, ఉక్రెయిన్ పిల్లల కథ, ఆఫ్రికా పిల్లల కథ, అన్నీ తెలుగులో రావాలి. పిల్లలు కథను ఏ దేశం నుంచి వచ్చావని అడగరు. తర్వాత ఏమైందని అడుగుతారు. ఆ ‘తర్వాత ఏమైంది’ అనే ప్రశ్నకు సరిహద్దులు లేవు. సరిహద్దులు పెద్దవాళ్ళం గీస్తాం. అవి దాటించే పని కూడా పెద్దవాళ్ళదే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. అది గౌరవించదగిన అభ్యంతరమే. మన పంచతంత్రం ఉంది, రామాయణ భారతాలు ఉన్నాయి, తెనాలి రామకృష్ణుడి కథలు ఉన్నాయి, అమ్మమ్మల కథలు ఉన్నాయి. ఇవే సరిగా అందడం లేదు, పరాయి కథలెందుకు అని అడుగుతారు. అయితే మనం అంత గర్వంగా చెప్పుకునే పంచతంత్రం ఏం చేసిందో చూడండి. అది ఇంట్లో కూర్చోలేదు. ఆరో శతాబ్దంలో పారశీక దేశానికి వెళ్ళి పహ్లవీ భాషలోకి మారింది. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అనే పండితుడి చేతిలో అరబ్బీ కథ అయింది. మన నక్కలు కరటక దమనకులు అక్కడ కలీలా, దిమ్నా అయ్యారు. అరబ్బీ నుంచి ఐరోపా భాషలకు నడిచింది. ఫ్రాన్సులో లా ఫోంతేన్ 1678లో అచ్చువేసిన తన కథల రెండో సంపుటంలో, ఇందులో చాలా కథలు భారతదేశపు ముని పిల్పే నుంచి తీసుకున్నానని చెప్పుకున్నాడు. ఆ దేశాలవాళ్ళు కూడా ‘మాకు మా కథలు చాలు’ అని తలుపు వేసుకుని ఉంటే, మన నక్కలు ఈ దేశం దాటేవి కావు. మన కథ వాళ్ళింటికి వెళ్ళింది. వాళ్ళ కథ మనింటికి వస్తే మన కథకు చోటు తక్కువ కాదు. ఇంటికి చుట్టం వచ్చాడని ఇంట్లో పిల్లల్ని బయటికి పంపం కదా! నాన్నా పులి వచ్చాక పంచతంత్రం ఎవరూ మరిచిపోలేదు. రెండూ ఒకే అమ్మమ్మ నోట, ఒకే రాత్రి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

సరే, పరాయి కథ వస్తే నష్టం లేదు. మరి లాభం ఏమిటి? దీనికి జవాబుగా మిమ్మల్ని జర్మనీకి, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లోకి తీసుకెళతాను. యెల్లా లెప్మన్ అని ఒక పాత్రికేయురాలు. 1891లో స్టుట్‌గార్ట్ నగరంలో పుట్టిన యూదు మహిళ. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచింది. హిట్లర్ ప్రభుత్వం వచ్చాక పుట్టిన దేశంలో బతకలేక ఇంగ్లండు వెళ్ళిపోయింది. 1945లో యుద్ధం ముగిసింది. అమెరికా సైన్యం ఆమెను జర్మనీకి సలహాదారుగా పిలిచింది. స్త్రీలకు, పిల్లలకు ఏం కావాలో చెప్పమంది. ఊళ్ళు శిథిలాలు. తిండి లేదు. బొగ్గు లేదు. ఆమె ఆ పిల్లల్ని చూసి, వీళ్ళకు రొట్టె కావాలి, దుప్పటి కావాలి, వాటితో పాటు పుస్తకాలు కూడా కావాలి అంది. పన్నెండేళ్ళుగా ఆ పిల్లల చుట్టూ కట్టిన గోడలోంచి ఒక్క పరాయి గొంతు లోపలికి రాలేదు. ఇతర దేశాల పిల్లలు శత్రువుల పిల్లలనే వాళ్ళు విన్నారు. ఆ పిల్లలు ఏం ఆడుకుంటారో, దేనికి నవ్వుతారో, దేనికి భయపడతారో వాళ్ళకు తెలియదు.

లెప్మన్ ఇరవై దేశాలకు ఉత్తరాలు రాసింది. మీ పిల్లలు చదివే మంచి పుస్తకాలు పంపండి అని అడిగింది. ఈ యుద్ధానికి జర్మన్ పిల్లలు కారణం కాదు, తలకిందులైన లోకాన్ని పిల్లల దగ్గరి నుంచి సరిచేయడం మొదలుపెడదాం అని ఆ ఉత్తరాల సారాంశం. కొంచెం ఆలోచించండి. నిన్నటిదాకా ఈ దేశం ఆక్రమించిన దేశాలకు, ఈ దేశం బాంబులు కురిపించిన దేశాలకు రాసిన ఉత్తరాలవి. చాలామంది పంపారు. బెల్జియం మాత్రం మొదట కాదంది. రెండు యుద్ధాల్లో రెండుసార్లు జర్మన్ సైన్యం తొక్కిన నేల అది. వాళ్ళ కోపంలో అన్యాయం లేదు. లెప్మన్ అక్కడితో ఊరుకోలేదు. మళ్ళీ రాసింది. మూడోసారి ఆ పని జరగకుండా ఉండాలంటే ఈ పిల్లలకు మీ పుస్తకాలే అందరికంటే ముందు కావాలి అని నచ్చచెప్పింది. బెల్జియం నుంచి చక్కటి పుస్తకాలు వచ్చాయి. 1946 జులై 3న మ్యూనిక్ నగరంలో ఆ పుస్తకాలతో ప్రదర్శన తెరిచారు. ఎక్కడనుకున్నారు? హౌస్ డెర్ కున్‌స్ట్ అనే కళాభవనంలో. నాజీలు తమ ఏలుబడికి నచ్చిన కళను చూపించుకోవడానికి కట్టించుకున్న భవనం అది. ఆ రాతి గోడల మధ్య, యుద్ధం ముగిసి ఏడాది తిరిగేసరికి, పరాయి దేశాల బొమ్మల పుస్తకాల ముందు జర్మన్ పిల్లలు వరసగా నిలబడ్డారు. భాష రాదు. బొమ్మలు చూశారు. ఆ ప్రదర్శన తర్వాత ఇతర నగరాలకూ వెళ్ళింది.

ఆ పుస్తకాల్లో ఒకటి దగ్గరగా చూద్దాం. ఫెర్డినాండ్ అనే గిత్త కథ. మన్రో లీఫ్ అనే అమెరికన్ రచయిత 1936లో రాశాడు, రాబర్ట్ లాసన్ బొమ్మలు వేశాడు. స్పెయిన్ దేశంలో ఒక గిత్త. తోటి గిత్తలు కొమ్ములతో కుమ్ముకుంటుంటే ఇది మాత్రం చెట్టు నీడన కూర్చుని పూలు వాసన చూస్తుంటుంది. ఒక రోజు చూసుకోకుండా తుమ్మెద మీద కూర్చుంటుంది. కుట్టిన మంటకు ఎగిరి గంతులేస్తుంది. ఎద్దుల పోటీకి గిత్తల్ని వెతకడానికి వచ్చినవాళ్ళు ఆ గంతులు చూసి, ‘ఇదిరా గిత్త అంటే!’ అని మాడ్రిడ్ నగరానికి తోలుకుపోతారు. బరిలో జనం, ఈటెలు, కత్తులు. ఫెర్డినాండ్ బరి మధ్యకు నడిచి వస్తుంది. చూడవచ్చిన ఆడవాళ్ళ తలల్లో పూలు కనిపిస్తాయి. అక్కడే చతికిలబడి వాసన చూస్తూ కూర్చుంటుంది. ఎవరెంత రెచ్చగొట్టినా లేవదు. చివరికి ఇంటికి పంపించేస్తారు. యుద్ధం చూసిన పిల్లలకు ఇంతకంటే మంచి కథ ఏముంటుంది? లెప్మన్ దీన్ని తనే జర్మన్‌లోకి తిప్పింది. అట్ట కట్టడానికి డబ్బులు లేవు, మంచి కాగితం లేదు. వార్తాపత్రికల కాగితం మీదే 30,000 ప్రతులు అచ్చు వేయించింది. 1946 క్రిస్మస్‌కు బెర్లిన్ పిల్లలకు ఉచితంగా పంచిపెట్టింది. శ్రోతలారా, ఈ కథ విన్న మన పల్నాటి పిల్లవాడి కళ్ళ ముందు స్పెయిన్ ఎద్దు రాదు. ఎత్తయిన మూపురంతో ఒంగోలు గిత్త వచ్చి చెట్టు కింద కూర్చుంటుంది. కథ ఆ పిల్లవాడి ఊరికి వచ్చేసినట్టే. మళ్ళీ చెబుతున్నాను, పిల్లలు కథను ఏ దేశమని అడగరు.

లెప్మన్ పని అక్కడ ఆగలేదు. 1949లో మ్యూనిక్‌లోనే అంతర్జాతీయ బాలల గ్రంథాలయం తెరిచింది. ఇప్పుడది బ్లూటెన్‌బుర్గ్ అనే పాతకోటలో ఉంది. ప్రపంచ భాషల పిల్లల పుస్తకాలు లక్షల్లో ఉన్న చోటు. 1953లో జ్యూరిక్ నగరంలో పిల్లల పుస్తకాల కోసం అంతర్జాతీయ మండలి ఒకటి ఏర్పడింది. దానికీ ఆమే మూలం. పిల్లల సాహిత్యంలో అతి పెద్ద గౌరవంగా చెప్పుకునే ఆండర్సన్ పురస్కారం ఆ మండలి ఇచ్చేదే, 1956 నుంచి. ఏటా ఏప్రిల్ 2న, అంటే డెన్మార్క్ కథకుడు ఆండర్సన్ పుట్టినరోజున, అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం జరిపేదీ వాళ్ళే. తన ఆత్మకథకు ఆమె పెట్టుకున్న పేరులో వంతెన అనే మాట ఉంది. పిల్లల పుస్తకాల వంతెన.

మీలో కొందరికి ఇప్పుడు ఒక సందేహం రావాలి. రాకపోతే నేనే అడుగుతాను. ఇంత చేశారు కదా, యుద్ధాలు ఆగాయా? ఆగలేదు. ఈ పూట కూడా ఎక్కడో బాంబులు పడుతున్నాయి. పిల్లల పుస్తకాలు యుద్ధాలు ఆపుతాయని చెబితే అది అబద్ధం. నేను ఆ మాట చెప్పను. పుస్తకం చేసే పని దానికంటే చిన్నది, కానీ అది తప్ప వేరేదీ చేయలేని పని. జపాను మాజీ చక్రవర్తి భార్య మిచికో ఈ సంగతి చాలా నెమ్మదిగా, చాలా స్పష్టంగా చెప్పారు. 1998లో ఆ అంతర్జాతీయ మండలి మహాసభ మన ఢిల్లీలోనే జరిగింది. అప్పటికి సామ్రాజ్ఞిగా ఉన్న ఆమె స్వయంగా రాలేక, దృశ్యరూపంలో ప్రసంగం పంపారు. చిన్నప్పుడు విన్న ఒక నత్త కథను గుర్తు చేసుకున్నారు. నీమి నాంకిచి అనే జపాను రచయిత కథ అది. ఒక నత్తకు ఉన్నట్టుండి తెలుస్తుంది, తన వీపు మీది గుల్ల నిండా దుఃఖమే ఉందని. ఇక బతకలేననుకుని స్నేహితుడి దగ్గరికి వెళుతుంది. నా గుల్లలోనూ దుఃఖమే ఉంది అంటాడు స్నేహితుడు. ఇంకో నత్త దగ్గరికి వెళితే అదీ ఆ మాటే అంటుంది. అలా అందరినీ అడిగి, చివరికి ఆ నత్త ఏడుపు మానేస్తుంది. దుఃఖం తనకొక్కదానికే కాదని తెలిసింది, ఇక తన దుఃఖం తను మోయగలదు.

మిచికో చిన్నతనంలోనే యుద్ధం వచ్చింది. పట్నం వదిలి పల్లెలో తలదాచుకోవలసి వచ్చింది. అక్కడ దొరికిన కాసిని పుస్తకాల్లో ఇతర దేశాల కథలూ కవితలూ కూర్చిన సంపుటం ఉంది. చుట్టూ యుద్ధం, చేతిలో పరదేశాల మాటలు. ఎక్కడో ఉన్నవాళ్ళకు కూడా తనలాగే సంతోషం, తనలాగే బాధ ఉన్నాయని ఆ పిల్లకు పుస్తకం చెప్పింది. నేను పుస్తకం చేసే పని అన్నది ఇదే. ఎదుటివాడి గుల్లలోనూ దుఃఖం ఉందని పిల్లలకు ముందే తెలియజేయడం. పెద్దయ్యాక ఎవరైనా వచ్చి ‘ఫలానా దేశంవాళ్ళు మనలాంటి మనుషులు కారు’ అంటే, ఆ పిల్లకు చిన్నప్పుడు చదివిన కథ ఒకటి అడ్డం వస్తుంది. అడ్డం వచ్చి తీరుతుందని హామీ ఇవ్వలేను. అసలు కథే చదవకపోతే అడ్డం రావడానికి ఏమీ ఉండదు. అంతవరకు గట్టిగా చెప్పగలను.

రెండో అభ్యంతరం. ఇప్పుడు పిల్లలంతా ఇంగ్లీషు మీడియమే కదా, అన్నీ ఇంగ్లీషులో దొరుకుతున్నాయి కదా, తెలుగులోకి తేవడం దండగ కాదా? దీన్ని నిదానంగా చూద్దాం. పొడవాటి మేజోళ్ళ పిప్పి అనే అల్లరిపిల్ల కథ 1945లో స్వీడిష్ భాషలో పుట్టింది. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ రాసింది. ఇంగ్లీషు పిల్లలు దాన్ని స్వీడిష్‌లో చదవరు. తమ అమ్మ భాషలో చదువుతారు. జపాను పిల్లలు జపనీస్‌లో చదువుతారు. ప్రపంచమంతా పిల్లలకు అనువాదం అంటే అమ్మ భాషలోకి రావడమే. ఒక్క మన పిల్లలకు మాత్రం వేరే భాష నేర్చుకుని అక్కడికి వెళ్ళి చదువుకొమ్మంటున్నాం. ఏడేళ్ళ పిల్ల పరాయి భాషలో చదువుతుంటే సగం బుద్ధి మాట కూడబలుక్కోవడానికే పోతుంది. మిగిలిన సగమే కథకు మిగులుతుంది. తెలుగులో చదివితే మొత్తం మనసు కథలోనే ఉంటుంది. పైగా కథ అన్నది పిల్ల ఒక్కతే చదివేది కాదు. నాన్నమ్మ చదివి వినిపించాలి, తాతయ్య మధ్యలో ఆపి ఊరించాలి. ఇంగ్లీషు పుస్తకం ఆ ఇద్దర్నీ మూల కూర్చోబెడుతుంది. ఇంకొక మాట. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు తెలుగు అంటే పండుగ రోజు మాట, పద్యం పోటీ మాట అయిపోతోంది. పిప్పి అల్లరి కూడా తెలుగులో ఉంటే, తెలుగంటే లోకమంతా పట్టే భాష అని వాళ్ళకు తెలుస్తుంది. ఇది పిల్లలకే కాదు, భాషకూ మేలు.

ఇది జరగని పని కాదు. మన దగ్గర జరిగిన పనే. 1947 జులైలో మొదలైన చందమామ గ్రీకు వీరుడు ఒడిస్సియస్‌ను రూపధరుడని పేరు మార్చి తెలుగు పిల్లలకు పరిచయం చేసింది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు పిల్లల పుస్తకాలను తెలుగులో అచ్చువేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివాళ్ళు మాస్కో వెళ్ళి ఉండి మరీ అక్కడి పుస్తకాలను తెలుగు చేశారు. రంగు రంగుల బొమ్మలు, తక్కువ ధర. విశాలాంధ్ర దుకాణాల్లోంచి అవి పల్లెలకు వెళ్ళాయి. సోవియట్ దేశం తన రాజకీయం చెప్పుకోవడానికే అవి పంపింది కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ ఉద్దేశం లేదనను. అయితే పిల్లలు ఆ పుస్తకాల్లోంచి ఎలుగుబంటిని తీసుకున్నారు, నక్కను తీసుకున్నారు, మంచును తీసుకున్నారు. రాజకీయాన్ని పుస్తకంలోనే వదిలేశారు. 1991లో ఆ దేశమే విడిపోయింది. పుస్తకాలు రావడం ఆగిపోయింది. అసలు పాఠం ఇక్కడుంది. ఇంకో ప్రభుత్వం దయతో వచ్చిన పుస్తకం, ఆ ప్రభుత్వంతోనే పోతుంది. మనకు కావాలని మనం తెచ్చుకున్న పుస్తకం నిలుస్తుంది. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన తొత్తోచాన్ పుస్తకం ‘రైలుబడి’ పేరుతో తెలుగులో నిలిచింది. పాత రైలుపెట్టెల్లో తరగతులు నడిచిన బడి అది. మధ్యాహ్నం పిల్లల కారియర్లు తెరిచి, ఇందులో కొండనేల నుంచి వచ్చింది ఏది, సముద్రం నుంచి వచ్చింది ఏది అని చూసే హెడ్మాస్టరు కొబయాషి మాస్టారు అందులో ఉన్నారు. ఆ పుస్తకం చదివిన టీచర్లు తమ తరగతి గదిని ఇంకో కంటితో చూడడం నేర్చుకున్నారు. ఒక్క అనువాదం చేసిన పని అది.

చివరి అభ్యంతరం చిన్నది. మంచు, పొగ గొట్టం, రొట్టె, ఇవన్నీ మన పిల్లలకు అర్థం కావంటారు. మాట్లాడే నక్కను నమ్మే పిల్లలు మంచును నమ్మలేరా? ఉక్రెయిన్‌లో ఒక జానపద కథ ఉంది. ముసలాయన ఉన్ని చేతి తొడుగు అడవిలో మంచు మీద జారిపోతుంది. చలికి వణుకుతున్న ఎలుక అందులో దూరుతుంది. తర్వాత కప్ప, కుందేలు, నక్క, తోడేలు, అడవిపంది, చివరికి ఎలుగుబంటి! అందరూ కొంచెం కొంచెం సర్దుకుంటారు. రెంటచింతల ఎండల్లో పెరిగే పిల్లకు మంచు తెలియకపోవచ్చు. చలికాలం రాత్రి ఒకే దుప్పటి కింద నలుగురు సర్దుకోవడం తెలుసు. ఆ తెలిసినదాని చెయ్యి పట్టుకునే పిల్ల తెలియని మంచులోకి నడుస్తుంది. మరీ చిన్నపిల్లలకు తోడేలును పులిని చేసి చెప్పండి, తప్పులేదు. కొంచెం ఎదిగినవాళ్ళకు తోడేలును తోడేలుగానే ఉంచండి. మంచును మంచుగానే ఉంచండి. ఆ కొత్తదనమే వాళ్ళకు కావాలి.

మరి మనం ఏం చేయాలి? తెలిసిన మాటలే, అయినా చెబుతాను. మీ ఊరి గ్రంథాలయానికి వెళితే, ఇతర దేశాల పిల్లల కథలు తెలుగులో ఏమున్నాయని అడగండి. లేకపోతే తెప్పించమనండి. అడిగేవాళ్ళుంటే తెస్తారు. బడిలో టీచరైతే వారానికి ఒక కథ గట్టిగా చదవండి, చదివాక ప్రశ్నలు అడగకండి. రెండు భాషలు వచ్చినవాళ్ళయితే మీకు నచ్చిన ఒక్క పిల్లల కథను తెలుగు చేయండి. అచ్చు కాకపోయినా ఫరవాలేదు. లెప్మన్ పంచిన గిత్త వార్తాపత్రికల కాగితం మీదే వెళ్ళింది. మీ కథ నోటిమాటగా వెళ్ళినా చాలు. నాన్నా పులి అలాగే కదా వెళ్ళింది!

ఆ మనిషి గురించి ఆలోచించండి ఒక్కసారి. ఎక్కడో గ్రీకు కొండల మీది తోడేలు కథ విన్న మనిషి. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆ రాత్రి పక్కలో ఉన్న పిల్లకు చెబుతూ, తోడేలంటే భయపడదేమోనని పులి అని ఉంటారు. ఊరివాళ్ళు రాలేదంటే గుచ్చుకోదేమోనని నాన్న రాలేదని ఉంటారు. అంతే చేశారు. తెలుగు పిల్లలు ఇవాళ్టికీ ఆ పులికి భయపడుతున్నారు, ఆ నాన్న ఎందుకు రాలేదో తెలుసుకుంటున్నారు. ఈ రాత్రి మీ ఇంట్లో పిల్లలు కథ చెప్పమని అడిగితే, ఉన్ని తొడుగులో దూరిన ఎలుకతో మొదలుపెట్టండి. కప్ప రాగానే ఆపండి. ‘తర్వాత ఏమైంది’ అని వాళ్ళే అడుగుతారు.